రామలింగం బొమ్మలారీ తోలిన వైనం

మా వీధిలో బ్రేకుల రామలింగం అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయనకి ఇంటిపేరు వేరే ఏదో ఉంది. కానీ ఆ పేరుతో ఉత్తరం వస్తే పోస్టుమాను ఈ పేరుగలవాళ్ళు ఈ వీధిలో లేరని తిప్పి పంపేసేవాడు. ఆ రోజుల్లో సినిమాలో బ్రేకులు ఫెయిలైన కారు ఏది కనిపించినా, లోపల హీరో విగ్గు పెట్టుకుని కూర్చున్నది రామలింగమే. ఒకటి రెండుసార్లు హీరోయిన్ విగ్గు కూడా పెట్టుకున్నాడంటారు గానీ, ఆ సంగతి ఆయన ఒప్పుకోడు.

మద్రాసులో మొదలుపెట్టి, పరిశ్రమ వెనకాలే హైదరాబాదు వచ్చి, ఫిల్మ్‌నగర్లో గుట్ట వాలున చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఎంత వాలంటే, మా వీధిలో స్కూటరుకి స్టాండు వేసినా నమ్మకం చాలక చక్రం కింద రాయి పెట్టేవాళ్ళం.

ఆఖరిసారి జీపుతో సహా లోయలోకి దూకినప్పుడు, జీపు పడాల్సిన చోట పడింది గానీ రామలింగం పడలేదు. కుడికాల్లో ఉక్కు కడ్డీ వేశారు. ఆస్పత్రి నుంచి తిన్నగా ఇంటికి తీసుకురాకుండా, ఆయన భార్య కుసుమకుమారి ఆటోని పెద్దమ్మ గుడి వైపు తిప్పించింది. చంకకర్రల మీద వేలాడుతున్న మనిషిని అమ్మవారి ముందు నిలబెట్టింది.

"ఇక స్టీరింగు ముట్టుకోనని ఒట్టెయ్యండి."

"సైకిలుకి స్టీరింగు ఉండదు కదా."

"హ్యాండిలు కూడా కలుపుకోండి."

"ఎద్దులబండికి పగ్గాలుంటాయి."

"ఆటో మీటరు తిరుగుతోంది. వేస్తారా లేదా?"

వేశాడు. అప్పట్నించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడం ఆయనకి అలవాటు లేని పని. టీవీలో సినిమా వస్తే ఛేజింగు వచ్చేదాకా నిద్రపోయేవాడు. ఛేజింగు రాగానే లేచి, ఎదురుగా ఉన్న టీపాయిని బ్రేకనుకుని తొక్కేవాడు. రెండు టీపాయిలు పోయాక కుసుమకుమారి మూడోది కొనడం మానేసింది.

కుసుమకుమారి బి.ఏ. చదివింది. ఇంట్లోనే మిషను పెట్టుకుని సినిమా కంపెనీలకి జాకెట్లు కుట్టేది. ఆమెకి ఒక జబ్బు ఉందని రామలింగం అనేవాడు. ఏ వస్తువు కొన్నా దాంతోపాటు వచ్చిన కాగితం మొదట్నించి చివరిదాకా చదివితే గానీ వాడేది కాదు. ప్రెషర్ కుక్కరు కొన్న రోజున ఆ కాగితం చదవడం అయ్యేసరికి ఇంటిల్లిపాదీ హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించుకుని తిన్నారు. అయితే ఆ కుక్కరు ఇప్పటికీ నడుస్తోంది. రామలింగం నడిపిన బండి మాత్రం మర్నాటికి నడిచిన దాఖలా లేదు.

ఇలా ఉండగా ఒకరోజు అనంతపద్మనాభం నుంచి కబురొచ్చింది. ఆయన ప్రొడక్షన్ మేనేజరు. పేరులో అనంతం ఎందుకుందో ఆయన నోరు తెరిస్తే తెలుస్తుంది. జూబ్లీహిల్స్ ఆఫీసులో రామలింగాన్ని కూర్చోబెట్టి, బల్ల మీద ఒక పెట్టె తెరిచాడు. లోపల మోచెయ్యంత పొడవున ఎర్రటి లారీ.

"సింగపూరు నుంచి తెప్పించాం గురూ. బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు. లోపల నిజం ఇంజనుంది. దీని నూనె వేరే, ఆముదం కలిపింది. పెట్రోలు పొయ్యకూడదు. దొంగల లారీ ఘాట్ రోడ్డు మీద నుంచి లోయలో పడే షాటు దీంతోనే తీస్తాం. కెమెరా నేలకి ఆనించి, ఫిల్ము వేగంగా తిప్పి తీస్తే పెద్ద లారీలాగే ఉంటుందట. మీరు పక్కన నిలబడి రిమోటుతో తోలాలి. ఈసారి పడేది లారీ ఒక్కటే. మీరు పడక్కర్లేదు."

రామలింగం లారీని రెండు చేతులా పైకెత్తి చూశాడు. ఇన్నాళ్ళ తరవాత ఎవరో తన్ను గుర్తుపెట్టుకుని పిలిచారు. అది చాలు. లారీ కాకపోయి రోడ్డురోలరయినా ఒప్పుకునేవాడు.

రిమోటు చేతికి తీసుకున్నాక చిక్కు బయటపడింది. అది పిస్తోలు ఆకారంలో ఉంది. మీట నొక్కితే వేగం, వెనక్కి నెడితే బ్రేకు. పక్కన మాత్రం మజ్జిగ గ్లాసు మూతంత చక్రం. తిప్పితే లారీ తిరుగుతుంది. ఎటు తిప్పి చూసినా అది స్టీరింగే.

రామలింగం ఆలోచించాడు. అమ్మవారికి ఊళ్ళో ఇన్ని పెద్ద స్టీరింగులుండగా మూతంత స్టీరింగు పట్టించుకునే తీరిక ఎక్కడిది? అమ్మవారి సంగతి అలా తేల్చేశాక, కుసుమకి చెబితే మాత్రం వద్దంటుందని కూడా తానే తేల్చేశాడు. కాబట్టి చెప్పకూడదు.

"కొత్త ఇంజను కదా, ముందు మచ్చిక చెయ్యాలట," అన్నాడు పద్మనాభం. "రన్నింగ్-ఇన్ అంటారు. ఈ పుస్తకంలో అంతా రాశాడు. షూటింగులోపల కాస్త చదివి..."

"ఇంజను గురించి నాకు పుస్తకం ఇస్తావా పద్మనాభం?"

రామలింగం పుస్తకాన్ని బల్ల మీదే వదిలేసి, పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరాడు. ఆయన ఆటో సందు మలుపు తిరిగిందో లేదో, పద్మనాభం ఇంటికి ఫోను చేశాడు.

"అక్కయ్యా, గురువుగారు పుస్తకం మరిచిపోయారు."

"ఏ పుస్తకం? ఆయన పుస్తకం మరిచిపోవడం కాదు, పట్టుకోవడమే నేనెరగను."

ఇంకేముంది, అనంతం మొదలుపెట్టాడు. ఫోను పెట్టేసేసరికి కుసుమకుమారికి లారీ రంగుతో సహా తెలిసిపోయింది. ఆమెకి కోపం రాలేదు. బొమ్మలారీ కాలు విరగ్గొట్టదు. ఆయనకి మళ్ళీ పని దొరికిందంటే ఆమెకీ సంతోషమే. ఇంటికి రాగానే చెప్తాడు, పాయసం వండుదామా అనుకుంది. సేమియా డబ్బా కిందికి దించి పెట్టింది.

రామలింగం వచ్చాడు. పెట్టె మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏంటండీ అది?"

"ఇదా... మామిడిపళ్ళ పెట్టె."

"ఈ కాలంలో మామిడిపళ్ళా?"

"పళ్ళు లేవు. పెట్టె ఒక్కటే."

"ఖాళీ పెట్టెకి అంత వంగిపోయి నడుస్తున్నారేం?"

"కాలు నొప్పి."

కుసుమకుమారి అన్నం తినేటప్పుడు చెప్తాడేమో అని చూసింది. రామలింగం చారులో మిరియాలు ఎక్కువయ్యాయని చెప్పాడు. ఆమె సేమియా డబ్బా మళ్ళీ పైన పెట్టేసింది.

మర్నాడు ఆమే పద్మనాభానికి ఫోను చేసింది. "అలాంటి లారీ ఇంకోటి ఉందా?"

"సినిమావాళ్ళం అక్కయ్యా. డూపు లేకుండా ఏదైనా కొంటామా?"

"దాన్ని శ్యామలాదేవి గారింటికి పంపించు. పుస్తకం కూడా. ఆయనకి చెప్పకు."

"ఎందుకక్కయ్యా?"

"మా ఆయన చేతిలో లారీ షూటింగు దాకా బతకదు. అప్పుడు ఆయన మాట పోతుంది."

శ్యామలాదేవి అంటే సినిమాల్లో అమ్మ వేషాలు వేసిన ఆవిడే. తెర మీద ఆవిడ పోయినన్నిసార్లు ఇంకెవరూ పోలేదు. రోడ్డు మీద చూసినవాళ్ళు ముందు కళ్ళు తుడుచుకుని, తరవాత నమస్కారం పెట్టేవాళ్ళు. వేషాలు మానేసినా గొంతులో ఆ జీర పోలేదు. పాలవాణ్ణి రేపు అర లీటరు ఎక్కువ పొయ్యమన్నా, వాడు దిగులుపడి వెళ్ళేవాడు. గుట్టకి అవతలి పక్క జూబ్లీహిల్స్‌లో ఆవిడ ఇల్లు. వెనక సిమెంటు చేసిన పెద్ద పెరడు. చుట్టూ గోడ.

ఆ పెరట్లో కుసుమకుమారి పుస్తకం విప్పి, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదివి వినిపించింది. "మొదట్లో మిక్చరు రిచ్‌గా ఉంచాలట అమ్మా."

"జీడిపప్పు వెయ్యాలేమో," అంది శ్యామలాదేవి బరువుగా.

"తినే మిక్చరు కాదు. గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ అన్నమాట. పొగ బాగా రావాలి. పొగలోనే నూనె ఉంటుంది, కొత్త ఇంజను అరగకుండా అదే కాపాడుతుంది. సగం వేగం దాటించకూడదు. ఒక ట్యాంకు అయిపోయాక పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు మళ్ళీ పొయ్యాలి. ఇలా కొన్ని ట్యాంకులు."

"పసిబిడ్డకి పాలుపట్టి పడుకోబెట్టినట్టన్నమాట. అయ్యో తల్లీ." ఆవిడ కళ్ళు నిజంగానే చెమర్చాయి.

కుసుమకుమారి అలాగే చేసింది. స్టార్టు చేసే తాడుని పూర్తిగా లాగకుండా పొట్టిగా, చురుగ్గా లాగేది. ముందు రిమోటు స్విచ్చి వేసి తరవాత లారీ స్విచ్చి వేసేది. ఆపేటప్పుడు ముందు లారీ, తరవాత రిమోటు. ఇంజను మీద ఒక నీటిచుక్క వేసి చూసేది. చుక్క సుయ్యిమని ఎగిరిపోతే వేడెక్కువైనట్టు, కాసేపు నిలిచి మెల్లగా ఆవిరైతే సరిగ్గా ఉన్నట్టు. దోసెల పెనంతో ఎన్నేళ్ళుగానో చేస్తున్న పనే కాబట్టి ఆమెకి కొత్తగా అనిపించలేదు. గాలి వడపోసే స్పాంజిని సబ్బునీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, నూనె పట్టించేది. అదురుకి వదులయ్యే మరలు రోజూ బిగించేది. ఇంధనం డబ్బా మూత క్షణం కూడా తెరిచి ఉంచేది కాదు, ఉప్పులాగే అదీ గాల్లో తడి పీల్చుకుంటుందట. చివర్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజనులో నాలుగు చుక్కల నూనె వేసి, తాడు రెండుసార్లు లాగి, గుడ్డ కప్పి పడుకోబెట్టేది. చల్లారేలోపు ఇద్దరూ కాఫీ తాగేవాళ్ళు.

గుట్టకి ఇవతల రామలింగం పద్ధతి వేరు. డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పి, పెట్టె పట్టుకుని బండరాళ్ళ మధ్య ఖాళీ జాగాకి వెళ్ళేవాడు. మొదటిరోజే తాడుని బావిలోంచి చేద లాగినట్టు లాగాడు. ఎట్టకేలకు ఇంజను అంటుకుంది. లారీ బోలెడు పొగ కక్కుతూ నత్తలా కదిలింది.

రామలింగానికి ఒళ్ళు మండింది. ఈ పొగేమిటి, ఈ నడకేమిటి? ఇంజను పక్కన ఇంధనం వదిలే మర కనిపించింది. లోపలికి తిప్పాడు. పొగ తగ్గి వేగం పెరిగింది. ఇంకా తిప్పాడు. లారీ కీచుమని అరుస్తూ దుమ్ము లేపుకుంటూ దూసుకెళ్ళింది. ఆ అరుపు వినగానే కాల్లో కడ్డీ సంగతి కూడా మరిచిపోయి ఎగిరి గంతేశాడు. అలా గంతేసి ఎన్నేళ్ళయిందో. ఆ సాయంత్రం ఇంటికి వస్తుంటే ఈల కూడా వేశాడు.

ఇంట్లో ఈల వినిపించగానే కుసుమకుమారి మిషను ఆపింది.

"మీ ఒంటి మీద ఆముదం వాసన వస్తోంది."

"కాలికి రాసుకున్నాను."

"చొక్కాకి కూడానా?"

"అదీ నొప్పిగానే ఉంది." అని, ముక్కు ఎగబీల్చి, "అవునూ, నీ చీర కూడా అదే వాసన వేస్తోందేం?"

"మీ పక్కన నిలబడ్డాను కదా."

ఆమె వదల్లేదు. పుస్తకంలో సంగతులు ఒక్కొక్కటే ఆయన చెవిన వేయాలని చూసింది. "ఏవండీ, కొత్త కుట్టుమిషనుని మొదట్లో నెమ్మదిగా తొక్కాలంటారు. నిజమేనా?"

"అదంతా కంపెనీవాళ్ళ పిరికితనం. కొత్తలోనే గట్టిగా తొక్కాలి. అప్పుడే మాట వింటుంది."

"పని అయ్యాక నూనె వెయ్యాలంటారు. దుమ్ము దులపాలంటారు."

"నేను ఎన్ని కార్లు తోలాను? ఒక్కదానికైనా దుమ్ము దులిపానా?"

"దులపడానికి ఏదీ మిగల్లేదు కదండీ."

రామలింగం నవ్వేశాడు. ఆమె నవ్వలేదు. ఆమె కుట్టుమిషను గురించి అడగడం లేదని ఆయనకి తట్టలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ఆ నాలుగు రోజులూ తన చెవులకి ఏం మూత పెట్టుకున్నాడో అర్థం కాదంటాడు రామలింగం. ఇదంతా ఆయన చెప్పగా నేను విన్నదే. అక్కడక్కడా కుసుమకుమారి దిద్దింది.

ఒక మధ్యాహ్నం రామలింగం గుట్ట ఎక్కి, అవతలి వాలు మీద లారీని ఉత్సాహంగా మలుపులు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి కుడికి తిప్పితే లారీ ఎడమకి పోయింది. బ్రేకు వేస్తే ముందుకి దూకింది. ఆయన చక్రం వదిలేసినా అది దానంతటదే సున్నాలు చుట్టింది. వాలు కింద శ్యామలాదేవి పెరటి గోడకి అవతల కుసుమకుమారి అప్పుడే తన రిమోటు స్విచ్చి వేసిందన్న సంగతి ఆయనకి తెలియదు. రెండు లారీలూ ఒకే కొట్లో కొన్నవి, రెండిటికీ రేడియో అల ఒకటే. దగ్గరగా ఉన్న రిమోటు మాట వింటాయి.

"అమ్మోరికి కోపమొచ్చింది," అనుకున్నాడు రామలింగం, ఒట్టు గుర్తొచ్చి.

లారీ వాలున దిగి, తెరిచి ఉన్న వెనక గేటులోంచి శ్యామలాదేవి పెరట్లోకి జొరబడి, తులసికోటని గుద్ది ఆగింది. కుసుమకుమారికి విషయం క్షణంలో అర్థమైంది. తన రిమోటు ఆపేసి, తన లారీ మీద వడియాల బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుంది. రామలింగం కుంటుకుంటూ వచ్చాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"అమ్మగారి జాకెట్టు కొలతకి వచ్చాను. మీరేంటి ఇక్కడ?"

"నడుస్తున్నాను. డాక్టరు..."

"ఈ బొమ్మ ఎవరిదండీ?"

"స్నేహితుడి కొడుకుది."

"పాపం ఆ పిల్లాడేడీ?"

"వాణ్ణి డాక్టరు నడవమనలేదు."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరో ఒకరు నిజం చెప్పేయడానికి అంతకన్నా మంచి సమయం రాదు. బొమ్మ ఎదురుగా ఉంది, నూనె వాసన ఇద్దరి మీదా ఉంది. కుసుమకుమారి ఇంజను దగ్గర చెయ్యి పెట్టి చూసి, "ఇది కాలిపోతోందండీ. పొగ కూడా రావడం లేదు. కాస్త చల్లారనిచ్చి తీసుకెళ్ళండి," అంది మెల్లగా.

"ఇంజన్ల గురించి నీకేం తెలుసు కుసుమా?" అని, లారీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అంటాడు.

ఆ ఇంట్లో పనిచేసే బుచ్చమ్మ అంట్లు తోముతూ అంతా చూస్తూనే ఉంది. "ఏందమ్మా గిది," అంది. "సారు గుట్టకాడ బొమ్మలారీ ఉరికిస్తున్నడు. నువ్వేమో గీడ ఉరికిస్తున్నవ్. ఇద్దరు కలిసి ఒక్కతాన ఉరికిస్తే అయిపోతది గద."

కుసుమకుమారి బుట్ట ఎత్తి పక్కన పెట్టింది. చల్లారిన ఇంజనులో నూనె చుక్కలు వేస్తూ కూర్చుంది.

షూటింగు రోజు వచ్చింది. కాలు చూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్తున్నానని రామలింగం చెప్పాడు. జాకెట్లు ఇచ్చి వస్తానని కుసుమకుమారి చెప్పింది. ఒకరినొకరు జాగ్రత్తగా వెళ్ళి రమ్మనుకున్నారు.

టోలిచౌకి దాటాక రాళ్ళగుట్ట మీద చిన్న ఘాట్ రోడ్డు కట్టారు. అగ్గిపెట్టెలంత మైలురాళ్ళు, మొక్కజొన్న కంకులంత చెట్లు. కింద లోయలో పేలడానికి మందు పెట్టి ఉంచారు. రామలింగాన్ని చూడగానే పాత లైట్‌మెన్లు లేచి నమస్కారం పెట్టారు. ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు.

రిహార్సలు మొదలైంది. లారీ మొదటి మలుపు కీచుమంటూ దాటింది. అందరూ చప్పట్లు కొట్టారు. రామలింగం మీట ఇంకాస్త నొక్కాడు. రెండో మలుపులో కిర్రుమని ఒక చప్పుడు. లారీ ఉన్నచోట ఉండిపోయింది. తాడు లాగితే రాలేదు. రెండు చేతులా లాగితే తాడు ఊడి చేతికొచ్చింది. లోపల వేడికి ఇంజను బిగుసుకుపోయింది. మాడిన వాసన వచ్చింది.

రామలింగం లారీని ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడ్డాడు. కార్లు విరగ్గొట్టినందుకు జీవితమంతా చప్పట్లు కొట్టించుకున్న మనిషి. విరగ్గూడనిది విరగడం ఆయనకి ఇదే మొదలు. డైరెక్టరు సూర్యుడి వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

"డూపు ఉంది సార్," అన్నాడు పద్మనాభం.

"తోలేదెవరు?"

అప్పుడే శ్యామలాదేవి అంబాసిడరు వచ్చి ఆగింది. అందులోంచి కుసుమకుమారి వడియాల బుట్టతో దిగింది. బుట్టలో ఏముందో చూశాక రామలింగానికి తులసికోట నుంచి చీర వాసన దాకా అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చేతిలో ఊడిన తాడుని జేబులో కుక్కుకున్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. రిమోటు స్విచ్చి వేసింది, లారీ స్విచ్చి వేసింది, తాడు పొట్టిగా లాగింది. ఇంజను అంటుకుంది.

"తీసేద్దామా అమ్మా?" అన్నాడు డైరెక్టరు.

"వేడెక్కాలండీ. కాసేపు ఆగండి."

హీరోల కోసం కూడా ఆగని ఆ మనిషి ఆగాడు. ఆమె నీటిచుక్క వేసి చూసి, తలాడించి, లారీని వదిలింది. సన్నగా పొగ వదులుతూ అది మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది. ఒక్క మైలురాయికి తగల్లేదు. బండిని అలా కూడా తోలొచ్చని రామలింగానికి ఇన్నేళ్ళలో తట్టలేదు. నోరు తెరుచుకుని చూస్తూండిపోయాడు.

"బ్రహ్మాండం," అన్నాడు డైరెక్టరు. "ఇప్పుడు టేక్. మూడో మలుపులో తిప్పకుండా తిన్నగా లోయలోకి పోనివ్వండి."

కుసుమకుమారి చేతులు ఆగాయి. అది పడిపోవాల్సిన లారీయేనని ఆమెకి మొదట్నించీ తెలుసు. కానీ పుస్తకంలో ఆ అధ్యాయం లేదు. లారీని పైకి తెచ్చి నిలబెట్టి, మొగుడి దగ్గరికి వెళ్ళి రిమోటు అందించింది.

"పడెయ్యడం మీకు అలవాటే కదా. మీరు తోలండి."

"మరి ఒట్టు..."

"ఇన్నాళ్ళూ అది అడ్డం రాలేదు కదా."

రామలింగం రిమోటు తీసుకున్నాడు. కెమెరా తిరిగింది. లారీ చెప్పినట్టు విని, చెప్పినంత వేగంలో దిగింది. మూడో మలుపు వచ్చింది. రామలింగం వేలు దానంతటదే మీటని వెనక్కి నెట్టింది. ముందు చక్రాలు అంచు మీద పెట్టుకుని లారీ ఆగిపోయింది.

"కట్. ఏమైంది?"

"బ్రేకు పడింది."

బ్రేకుల రామలింగం బ్రేకు వెయ్యడం ఆ యూనిట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోసారి తోలాడు. రెండోసారీ అంచు దగ్గరే ఆగింది. సూర్యుడు గుట్ట వెనక్కి జారుతున్నాడు.

కుసుమకుమారి వచ్చి ఆయన చేతిలోంచి రిమోటు తీసుకుంది. లారీని పైకి తెచ్చి, తిప్పి, వదిలింది. ఈసారి అది మూడో మలుపులో తిరగలేదు. ఆమె కళ్ళు మూసుకోకుండా చూసింది. కింద మందు పేలింది, మంట లేచింది, అందరూ చప్పట్లు కొట్టారు. డైరెక్టరు కెమెరామెన్‌ని కౌగిలించుకున్నాడు. కారులో కూర్చున్న శ్యామలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందో, అలవాటో ఎవరికీ తెలియలేదు.

ఆపేటప్పుడు ముందు లారీ స్విచ్చి, తరవాత రిమోటు. కుసుమకుమారి రిమోటు పట్టుకుని ఒక క్షణం అలాగే నిలబడింది. తరవాత అది ఒక్కటే ఆపేసి పద్మనాభం చేతిలో పెట్టింది.

తిరుగు ప్రయాణంలో శ్యామలాదేవి కారెక్కమంటే, నడిచి వెళ్ళి ఆటో చూసుకుంటామంది కుసుమకుమారి. టోలిచౌకి దగ్గర ఆటో దొరికింది. రామలింగం జేబులోంచి ఊడిన తాడు తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"నీకు ముందే తెలుసు కదా. అడగలేదేం?" అన్నాడు రామలింగం చివరికి.

"మీరే చెప్తారేమోనని చూశాను. మొదటిరోజు పాయసం చేద్దామనుకున్నాను."

"చెప్తే వద్దంటావనుకున్నాను."

"చెప్పుంటే ఆ పుస్తకం మీకు నేనే చదివి పెట్టేదాన్ని. ఇద్దరం ఒక్క లారీయే తోలేవాళ్ళం."

రామలింగం కాసేపు తన చేతివేళ్ళు చూసుకున్నాడు. "ఎందుకో వేలు కదల్లేదు కుసుమా. ఎన్ని కార్లు పడేశాను, ఎన్ని జీపులు పడేశాను. ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. లోపల కూర్చుంటే భయం వెయ్యదు, పని ఉంటుంది. ఇలా బయట నిలబడి చూడటమే నా వల్ల కాలేదు."

కుసుమకుమారి రోడ్డు వైపు చూస్తోంది.

"మీరు లోపలున్న ప్రతిసారీ నేను బయటే ఉన్నాను కదండీ," అంది.

మద్రాసులో ఉన్నప్పుడు రామలింగం షూటింగు నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, తలుపు కొట్టకుండానే ఆమె తీసేది. ఆమెకి చెవులు చురుకని నలుగురికీ గొప్పగా చెప్పుకునేవాడు. తలుపు వెనకే నిలబడి ఉండేదని ఇప్పటిదాకా అనుకోలేదు. ఆ కార్లలో ఒక్కదాని గురించైనా వెళ్ళే ముందు ఆమెకి చెప్పానా అని వెనక్కి వెతుక్కున్నాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

ఆటో నాలుగు రోడ్ల దగ్గర నెమ్మదించింది. డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"గీడనుంచి ఎటు తిప్పమంటరు సార్?"

రామలింగం చెయ్యెత్తి చూపించబోయి, దించేశాడు.

"అమ్మనడుగు," అన్నాడు.